కంచెర్ల గోపన్న : కొలువును భక్తియు

హైదరాబాదు నగరమునందలి ఆబిడ్సును నాంపల్లియు తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవు వరకు విశ్రాంతి యెరుగని తావులు. 1907లో రైలు నిలయము వెలసిన నాటినుండి నాంపల్లికి జనప్రవాహము తరుగలేదు. పెద్ద తపాలా కచేరి, న్యాయస్థానములు, అంగళ్లు, సర్కారు కార్యాలయములు ఈ రెండు పేటల చుట్టును నిండియున్నవి. ఇచట కొలువు చేయు మన సంఘీయుల నోట తరచుగ వినవచ్చు మాట యొకటి కలదు. దైవచింతనకు తీరిక చిక్కుట లేదనియు, ఉద్యోగ విరమణానంతరము ఆ సంగతి చూచుకొందుమనియు వారందురు. ఈ మాటకు సమాధానము మన శాఖయందే జనించిన యొక మహనీయుని జీవితమున నున్నది. ఆయన సన్న్యాసి కాడు. సర్కారు లెక్కలు వ్రాసి, శిస్తు వసూలు చేసిన తహశ్శీలుదారుడు. లోకమాయనను భద్రాచల రామదాసని కొలుచుచున్నది.

గోపన్న క్రీస్తుశకము 17వ శతాబ్దమున నేటి ఖమ్మము మండలములోని నేలకొండపల్లి గ్రామమున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆత్రేయ గోత్రుడు. తండ్రి లింగన్నమంత్రి, తల్లి కామాంబ. శ్రీరఘునాథ భట్టాచార్యుల యొద్ద ఉపదేశము పొంది, బాల్యమునుండియు శ్రీరామభక్తియందు పెరిగెను. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా కొలువున నున్నతాధికారము వహించిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి. తానీషా 1672లో సింహాసన మెక్కెను. మాదన్న దివానయ్యెను. ఆ మేనమామల ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహశ్శీలు లభించెను.

తహశ్శీలుదారుని కొలువన నెట్టిదో మన శాఖవారికి వేరుగ చెప్పనక్కర లేదు. ఊరూరి కరణముల లెక్కలు చూడవలెను. పంటను బట్టి శిస్తు నిర్ణయింపవలెను. వాన కురియని యేట రైతు మొరయు, ఖజానా చేరని యేట పై యధికారి తాకీదును ఒక్కరీతిని భరింపవలెను. గ్రామమునుండి గ్రామమునకు తిరుగుటతోనే దినములు గడచును. ఇట్టి వ్యవహారమునం దుండి భగవంతునకు సమయ మెట్లు చిక్కునని యడుగుదుమేని, గోపన్న దానికై వేరుగ వెదకలేదనియే చెప్పవలెను.

గోదావరీ తీరమందలి భద్రాచలము ఆయన పరగణాలోనిదే. అచట పోకల దమ్మక్క యను భక్తురాలు శ్రీరాముని విగ్రహములు కనుగొని, పందిరి వేసి, తనకు దొరకిన పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. ఆమెకు ధనము లేదు, అధికారము లేదు. ఉన్న పందిరిలోనే, ఉన్న పండ్లతోనే ఆమె పూజ సాగెను. తన పాలనలోని క్షేత్రమున దేవుడు పందిరి క్రింద నుండుట గోపన్న చూచెను. ఆ చూపుతో ఆయన జీవితము మారెను. అయినను ఆయన కొలువు వదలలేదు; పరగణాను విడిచి యడవికి పోలేదు. ఏ యుద్యోగము తన్ను ఊరూర త్రిప్పుచుండెనో ఆ యుద్యోగమే యాయనను దైవసన్నిధికి చేర్చెను. శిల్పులను పిలిపించుట, రాళ్లు తెప్పించుట, పనివారి కూలి లెక్కలు చూచుట మొదలగు పనులలో కచేరీ నేర్పంతయు పూజాద్రవ్య మయ్యెను. ఆలయము లేచెను, ప్రాకారములు లేచెను, సీతారామలక్ష్మణులకు నగలు సిద్ధమయ్యెను.

ఇచట మనము దాచక చెప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఆలయమునకైన వ్యయములో సర్కారునకు చేరవలసిన శిస్తు సొమ్ము కలదు. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. భక్తుని దృష్టిలో సొమ్మంతయు రామునిదే కావచ్చును; కాని ఖజానా దృష్టిలో తహశ్శీలుదారుడు ధర్మకర్త మాత్రమే. తానీషా లెక్క యడిగెను. లెక్క తేలలేదు. మేనమామలు దర్బారులో నుండియు గోపన్నకు శిక్ష తప్పలేదు. ఆయనను గోలకొండ కోటలో బంధించిరి. ఆ చెర పండ్రెండేండ్లు సాగెనని పెద్దలు చెప్పుదురు. నాంపల్లికి పడమట కొద్ది క్రోసుల దూరములోనున్న ఆ కోటలో నేటికిని రామదాసు బందిఖానాను, దాని గోడపై చెక్కిన దేవతామూర్తులను సందర్శకులకు చూపుచున్నారు.

కొలువులో నున్నంతకాలము లేని తీరిక గోపన్నకు చెరసాలలో నమితముగ లభించెను. శిస్తు లేదు, తాకీదు లేదు, ప్రయాణము లేదు. మనము కోరుకొను విరామము ఆ రూపమున వచ్చినచో నెవ్వరు భరింపగలరు? పనులు తొలగినంతనే మనస్సు దేవునివైపు తిరుగునని యనుకొందుము గాని, పనులలో నుండగా నలవడని స్మరణ తీరికలో తనంత తాను రాదు. గోపన్నకు నాలుక నూరిన నామ మొకటి ముందే యుండెను. అందుచేత చీకటికొట్టు ఆయనకు కీర్తనల గృహ మయ్యెను.

ఆ కీర్తనలలో మన శాఖవారికి ప్రత్యేకముగ తోచు విశేష మొకటి కలదు. దెబ్బల బాధ తాళలేక ఆయన రామునితో కలహించునపుడు, తాను చేయించిన నగల నొక్కొక్కటిగ పేర్కొని, దేనికెన్ని వరహాలు పట్టెనో చెప్పును. సీతమ్మకు చేయించిన చింతాకు పతకము అందొకటి. ఉద్యోగి ప్రభువు ఎదుట ఆబ్దిక లెక్క నప్పగించినట్లే ఆయన తన దేవునకు లెక్క యప్పగించెను. పిమ్మట అట్లు నిష్ఠురమాడినందుకు నొచ్చుకొని క్షమింపుమని వేడెను. బ్రదుకంతయు లెక్కలు వ్రాసిన చేయి ప్రార్థనలోను లెక్కనే వ్రాసినది. తన వృత్తిని గడప వెలుపల విడిచి లోనికి పోవలెనని ఆయన యెంచలేదు. ఆ భాషయే ఆయనకు వచ్చును. ఆ భాషలోనే ఆయన దేవునితో మాటాడెను. దాశరథి శతకమును ఆయన రచనయే. తరువాతి కాలమున త్యాగరాజు తన కృతులలో నాయనను భక్తితో స్మరించెను.

రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో రాత్రివేళ తానీషా మందిరమునకు వచ్చి, సొమ్మంతయు చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయిరని మనవారు తరతరములుగ చెప్పుకొను కథ. ఈ కథలోని మర్మము గమనింపదగినది. జనుల యూహలో సైతము దేవుడు లెక్కను కొట్టివేయలేదు; బాకీ తీర్చి, చెల్లు వ్రాయించుకొనెను. గోపన్న విడుదల పొంది భద్రాచలము చేరెను. తానీషా పశ్చాత్తప్తుడై శ్రీరామ కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపెనని ప్రసిద్ధి. ఆ మర్యాదను నిజాము ప్రభువులు పాటించిరి. నేటి తెలంగాణ ప్రభుత్వమును శ్రీరామనవమికి పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పించుచున్నది.

ఆ దర్బారు వైభవము నిలువలేదు. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హతులైరి. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకొనెను. తానీషా దౌలతాబాదు దుర్గమున బందీగా నుండి యచటనే మరణించెను. ఒకనాడు గోపన్నను చెరలో నుంచిన ప్రభువు తానును చెరపాలయ్యెను. ఆ ముట్టడి కాలమునకు సంబంధించిన యైతిహ్య మొకటి నాంపల్లియందు కలదు. అచటి దర్గాలో విశ్రమించిన యూసుఫ్ బాబా, షరీఫ్ బాబాలు మొగలు సైన్యమున కొలువుండిన సైనికులు. ఒక రాత్రి గాలివాన రేగి శిబిరములోని దీపములన్నియు నారినను, వారి గుడారమున దీపము వెలుగుచునే యుండెననియు, దాని కాంతిలో వారు ఖురాను పఠించుచుండిరనియు చెప్పుదురు. పగలు ప్రభువుది, రాత్రి మాత్రము వారిది. తమదైన ఆ కాలమునుండి వారు దేవునకు సమర్పించిరి. నేటికిని నాంపల్లి దర్గాకు మతభేదము లేక జనులు వచ్చుచున్నారు.

ఒకరు పరగణా తిరిగిన హిందూ తహశ్శీలుదారుడు. ఇరువురు యుద్ధభూమిలోని మహమ్మదీయ సైనికులు. తీరికకై వేచి యుండక, తమ కొలువు నడుమనే దైవమును స్మరించుట మువ్వురియందును సమానము. మనకు గోపన్న జీవితము రెండు పాఠములు చెప్పుచున్నది. కచేరికి పోవు దారిలో, దస్త్రము విప్పుటకు ముందు, రైలుకై నిలిచిన నిమిషములలో నామస్మరణకు ఎవ్వరును అడ్డు చెప్పరు. ఇది మొదటిది. దేవునకిచ్చునది మన పాలులోనుండి ఇయ్యవలెను, ఇది రెండవది. సర్కారు సొమ్ము నిచ్చినందుకు ఆయన పండ్రెండేండ్లు మూల్యము చెల్లించెను. ఫిర్యాదు చేయ వచ్చిన దీనుని వాకిట నిలిపి పూజ చేయుట, ఇంటివారి యక్కరకు తప్పించుకొని భజనకు పోవుట, ఇవియు పరుల సొమ్ముతో చేయు నర్చనలే. మన నిద్రలో కొంత, మన ముచ్చటలలో కొంత తగ్గించుకొని యిచ్చిన ఘడియ మాత్రమే నిజముగ మనది.

తరతరములుగ లెక్కలు వ్రాసిన శాఖ మనది. ప్రతిదినము కచేరి లెక్క ముగించిన పిమ్మట, ఆ దినమున దేవుని పద్దున నేమి జమ యయ్యెనో చూచుకొను నలవాటు మన యింటింట వర్ధిల్లుగాక! భద్రాద్రి రామచంద్రుడు సంఘీయుల కెల్లరకును ఆయురారోగ్యముల నొసగుగాక!