విన్చెంజో లాంచియా

దూరప్రయాణములకు వేగమును, సుఖమును సమకూర్చునట్లు నిర్మింపబడిన మోటారుబండ్లను ఇటలీవారు గ్రాన్ టురిజ్మో అందురు. అట్టి పాతబండ్లను కొని, తుప్పు తొలగించి, చెడిన భాగములను బాగుచేసి, మరల బాటపై నడిపించువారు నేడు అనేక దేశములలో గలరు. వారు మిక్కిలి గౌరవించు నిర్మాతలలో విన్చెంజో లాంచియా యొకడు. ఇతని చరిత్ర నెరిగినగాని, ఈ జీర్ణోద్ధరణము ఎందుకంత కష్టమో, ఆ కష్టమునకు వారెందుకు ఓర్చుకొందురో బోధపడదు.

లాంచియా 1881వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ పర్వతప్రాంతమునగల ఫొబెల్లో గ్రామమున జన్మించెను. తండ్రియగు జుసెప్పె ఆహారపదార్థములను డబ్బాలలో నిలువచేసి విక్రయించి ధనవంతుడైనవాడు. కుమారుడు లెక్కలు నేర్చి పద్దులు వ్రాయువాడు కావలెనని ఆయన కోరిక. బాలునికి పుస్తకములపై మనస్సు నిలువలేదు. ట్యూరిన్ నగరములో వీరి యింటి ఆవరణమందే చెయిరానో అను నతడు సైకిళ్లు తయారుచేయుచుండెను. 1898లో లాంచియా ఆ దుకాణమున లెక్కలు వ్రాయుటకు కుదిరెను. తండ్రి మాట దక్కినది. కాని కుమారుని చేతిలో కలముకంటె పనిముట్లే యెక్కువగా కనబడుచుండెను.

1899లో ఫియట్ కంపెనీవారు ఆ దుకాణమును కొనగా, ఇరువదియేండ్లైనను నిండని లాంచియా క్రొత్తబండ్లను నడిపి పరీక్షించు పనిలో నియమింపబడెను. తరువాత పందెములలో ఫియట్ బండ్లను నడిపి 1904లో ఫ్లోరియో కప్పును గెలిచెను. 1905లో గోర్డన్ బెన్నెట్ పందెమున అందరికంటె ముందుండగా, రాయి తగిలి రేడియేటరు చెడుటచే నిలిచిపోవలసివచ్చెను. ఎంత వేగముగల బండియైనను దాని అల్పభాగమంత బలముతోనే నిలుచునని బోధించుటకు ఇంతకంటె పాఠమేమి కావలెను?

1906వ సంవత్సరము నవంబరులో ఇతడు తన మిత్రుడగు క్లాడియో ఫొగొలీన్‌తో కలిసి సొంత కర్మాగారమును స్థాపించెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో అగ్నిప్రమాదము సంభవించి, గీసిన పటములును, యంత్రములును దగ్ధమైపోయెను. ఒక్క బండియైనను అమ్మకముందే జరిగిన ఈ నష్టమునకు మరియొకడైనచో పాత ఉద్యోగమునకే మరలియుండును. లాంచియా పటములను తిరిగి గీయించి, ఆ సంవత్సరమే మొదటిబండిని నడిపించెను. ప్రాచీనభాషలలో పండితుడగు అతని అన్న సూచింపగా బండ్లకు ఆల్ఫా మొదలగు గ్రీకు అక్షరముల పేర్లు పెట్టిరి.

ఇతని ప్రజ్ఞకు ముఖ్యమైన సాక్ష్యము 1922లో పారిస్ ప్రదర్శనమున చూపిన లామ్డా. అంతవరకు మోటారుబండ్లలో క్రింద ఇనుపచట్రము వేరుగాను, పైన కూర్చుండు పెట్టె వేరుగాను ఉండెడివి. లాంచియా ఓడయొక్క అడుగుభాగమువలె ఉక్కురేకులతో ఒకే కట్టడమును చేసి, చట్రమును, పెట్టెను ఒక్కటిగా కూర్చెను. ముందుచక్రములు రెండును దేనికదియే పైకి క్రిందికి కదలునట్లు అమర్చెను. బండి తేలికయయ్యెను, ఎత్తు తగ్గెను, మలుపులలో తూలుట మానెను.

తరువాత అప్రీలియా అను చిన్నబండిని, గాలి సులభముగా దాటిపోవు ఆకారముతో సిద్ధముచేసెను. అది అమ్మకమునకు వచ్చుచుండిన దినములలోనే, 1937 ఫిబ్రవరి 15వ తేదీన, తన 55వ యేట హృద్రోగముచే మరణించెను. దాని కీర్తిని చూచు భాగ్యము ఆతనికి కలుగలేదు.

భార్య ఆడెలెయు, కుమారుడు జానీయు కర్మాగారమును నడిపిరి. 1950లో వెలువడిన ఆరేలియాలో ఆరు సిలిండర్లు రెండువరుసలుగా వాలియుండెను. గేరుపెట్టెను వెనుక చక్రములయొద్ద నుంచిరి. 1951నాటి బి 20 రకము గ్రాన్ టురిజ్మో అను పేరును ప్రసిద్ధపరచెను. ఆ యేటి మిల్లె మిల్యా పందెములో అది, తనకు రెట్టింపు పరిమాణముగల ఇంజనుతో పరుగిడిన ఫెరారి వెనుక రెండవదిగా నిలిచెను. ఐనను అంత శ్రద్ధతో చేయు బండ్లకు వ్యయము మెండు. సంస్థ కుటుంబము చేయి దాటిపోయి, 1969లో ఫియట్‌వారి వశమాయెను.

నేడు ఆరేలియాను బాగుచేయువానికి లాంచియా ఆశయమే పరీక్షయగుచున్నది. చట్రము వేరుగా లేదు గనుక, తలుపుల క్రింది బోలుభాగములలో తుప్పు పట్టినచో బండి బలమే క్షీణించును. పైన మెరయు రంగు వేసి అమ్మినవాని మోసము లోపలి రేకును కోసిచూచినగాని తెలియదు. కోయుటకు ముందు బండి వంగకుండ లోపల ఊతకమ్ములు బిగించి, తలుపులు సరిగా మూతపడుచున్నవో లేదో మాటిమాటికి చూచుచు, మంచి లోహము కనబడువరకు చెడినదానిని తీసి, క్రొత్తరేకు అతుకవలెను. తొందరపడినవాడు బండిని కొనియు పోగొట్టుకొనును. ఓర్పుగలవానికి మాత్రము, ఏ కొనుగోలుదారుడును చూడని చోటులందు సైతము నిర్మాత చూపిన శ్రద్ధ ప్రత్యక్షమగును.

విద్యార్థులారా! లాంచియా గతించి బహుకాలమైనది. ఆతని కుటుంబము చేతిలో ఆ కర్మాగారము నిలువలేదు. కాని కనబడని చోట సరిగా చేసిన పని నిలిచినది. మీరు పూనిన పని చిన్నదైనను, పెద్దదైనను, దానిని ముందొకనాడు విప్పిచూచువాడు ఒకడుండునని తలంచి చేయుడు.