జార్జి స్టాలింగ్స్: అట్టడుగు జట్టును అగ్రస్థానమున నిలిపిన నాయకుడు

వర్షములు పడి, పైరు మోకాలిబంటి పెరిగిన దినములలో రైతు తన పొలము చుట్టును ఒకమారు తిరిగి చూచును. ఎచ్చట మొక్కలు చచ్చినవో, ఎచ్చట కలుపు పెరిగినదో, ఏ మడికి నీరు చాలకున్నదో గమనించును. జరిగిన నష్టమును తలచి, ఈ యేటి పంట పోయినదని చేతులు ముడుచుకొనువారు కొందరు. పోయినది పోగా మిగిలినదెంత, బ్రతికింపదగినదెంత అని లెక్క చూచి తిరిగి పనిలోనికి దిగువారు మరికొందరు. ఈ రెండవ తెగకు చెందిన యొక మనుష్యుని చరిత్రమును నేడు విద్యార్థులకు చెప్పదలచితిని. ఆయన మన దేశమువాడు కాడు. ఆయన ఆడించిన ఆట మన పాఠశాల మైదానమున ఆడునదియు కాదు. అయినను అర్ధసంవత్సర పరీక్షలో వెనుకబడిన ప్రతి బాలుడును, వాని తల్లిదండ్రులును తెలిసికొనదగిన సంగతి ఆయన జీవితమున నొకటి గలదు.

జార్జి ట్వీడీ స్టాలింగ్స్ 1867 వ సంవత్సరము నవంబరు 17 వ తేదీన అమెరికా దేశమున, జార్జియా రాష్ట్రములోని ఆగస్టా పట్టణమున జన్మించెను. ఆ దేశమును రెండు ముక్కలు చేసిన అంతర్యుద్ధము ముగిసి అప్పటికి రెండేండ్లు మాత్రమే గడచెను. బాలుడు పెరిగి వర్జీనియా సైనిక విద్యాలయమున చదివెను. క్రమశిక్షణ, వేళ తప్పని అభ్యాసము ఆయనకు అచ్చటనే అలవడి, జీవితాంతము విడువకుండెను. కాని ఆయన మనస్సు బేస్‌బాల్ ఆటపై లగ్నమయ్యెను.

ఈ ఆటను గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దూరపు చుట్టము. ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆడుదురు. పిచర్ అనువాడు బంతిని విసరును. ఎదుటి జట్టువాడు గుండ్రని బ్యాటుతో దానిని కొట్టి, మైదానమున నాలుగు మూలల నున్న స్థానములను వరుసగా చుట్టి వచ్చినచో ఒక పరుగు లభించును. బ్యాటు పట్టినవాని వెనుక కూర్చుండి బంతిని పట్టువానిని క్యాచర్ అందురు. వీడు మన వికెట్ కీపరు వంటివాడు. జట్టునకు మేనేజరు ఒకడుండును. ఎవరిని ఆడింపవలెను, ఎవరిని కూర్చుండబెట్టవలెను, ఎవరిని పంపివేసి ఎవరిని తెచ్చుకొనవలెను అను విషయములలో ఆయన మాటకే బరువెక్కువ. అమెరికాలో ఇది జీతములకు ఆడు ఆట. వసంతకాలమున మొదలై ఆకురాలుకాలము వరకు, ఇంచుమించు ప్రతిదినమును పోటీలు జరుగును. ఆ కాలమున ఒక్కొక్క జట్టు ఏడాదికి 154 పోటీలు ఆడవలసియుండెను.

స్టాలింగ్స్ క్యాచరుగా ఆటలో ప్రవేశించెను. కాని ఆటగాడుగా రాణింపలేదు. దేశములోని పెద్ద లీగులలో ఆయన ఆడినవి మొత్తము ఏడు పోటీలు. ఇరువది పర్యాయములు బ్యాటు పట్టి, రెండు పర్యాయములు మాత్రమే సఫలుడయ్యెను. అయినను ఇతరుల ఆటలోని గుణదోషములను కనిపెట్టుటలో ఆయన చూపు మిక్కిలి తీక్ష్ణమైనది. అందుచేత 1897 లో ఫిలడెల్ఫియా జట్టు ఆయనకు మేనేజరు పదవి నొసగెను.

ఆ మొదటి ఉద్యోగము సుఖముగా ముగియలేదు. స్టాలింగ్స్ మైదానము వెలుపల మర్యాదస్థుడు, చక్కని దుస్తులు ధరించు పెద్దమనిషి. కాని ఆట మొదలైనంతనే ఆయన నాలుక కత్తివలె మారెడిది. తప్పు చేసిన ఆటగాండ్రను ఆయన దూషించు విధము సహింపరానిదిగా నుండెను. తుదకు 1898 లో ఆటగాండ్రు ఎదురుతిరిగిరి. యజమానులు ఆయనను తొలగించిరి. ఇది ఆయనయందలి లోపమే. దానిని దాచుట చరిత్రకారునికి తగదు. 1901 లో డెట్రాయిట్ జట్టును మూడవ స్థానమునకు చేర్చియు, ఆ యేడాది పిమ్మట అచ్చటను నిలువలేదు. పిమ్మట చిన్న లీగులోని బఫెలో పట్టణమునకు పోయి, 1904 లోను 1906 లోను ఆ జట్టును విజేతగా నిలిపెను.

1909 లో న్యూయార్కు హైలాండర్సు జట్టు ఆయనను పిలిచెను. మరుసటి యేడు ఆ జట్టు రెండవ స్థానమునకు ఎగబ్రాకుచుండగా, హాల్ చేజ్ అను ప్రసిద్ధ ఆటగాడు బుద్ధిపూర్వకముగా సరిగా ఆడుట లేదని స్టాలింగ్స్ ఆరోపించెను. యజమానులు ఆటగాని పక్షము వహించిరి. స్టాలింగ్స్ వెడలిపోవలసి వచ్చెను. ఆయన స్థానమున ఆ చేజ్‌నే మేనేజరుగా నియమించిరి. కొన్ని సంవత్సరముల పిమ్మట జూదరులతో పొత్తు గలదను అపవాదముతో చేజ్ ఆటకే దూరమయ్యెను. స్టాలింగ్స్ చూపు తప్పు కాదని లోకమునకు అప్పుడు తెలిసినది. కాని పోయిన పదవి తిరిగి రాలేదు.

ఇట్లు మూడు పెద్ద జట్లను విడిచి వచ్చిన మనుష్యుని 1913 లో బోస్టన్ బ్రేవ్స్ జట్టు పిలిచెను. ఆ జట్టు స్థితి వినిన నవ్వు వచ్చును. 1909 నుండి 1912 వరకు వరుసగా నాలుగేండ్లు అది నేషనల్ లీగులోని ఎనిమిది జట్లలో ఎనిమిదవది. ఆ నాలుగేండ్లలో ఏ యేడును నూరు ఓటములకు తగ్గలేదు. స్టాలింగ్స్ చేత బడిన మొదటి యేడే అది అయిదవ స్థానమునకు వచ్చెను. 1914 లో ఇంకను పైకి పోవునని ఆయన ఆశించెను. జరిగినది వేరు.

1914 జూలై 4 వ తేదీ అమెరికావారికి స్వాతంత్ర్యదినము. ఆనాడు బ్రేవ్స్ జట్టు బ్రూక్లిన్ జట్టుతో రెండు పోటీలాడి రెంటిని ఓడిపోయెను. అప్పటికి 26 గెలుపులు, 40 ఓటములు. జట్టు మరల ఎనిమిదవ స్థానమున నుండెను. మొదటి స్థానమున నున్న న్యూయార్కు జయంట్స్‌కు 15 ఆటల దూరము. మూడు దినముల పిమ్మట దారిలో ఆడిన స్నేహపూర్వకమైన పోటీలో, ఒకప్పుడు తానే నడపిన ఆ చిన్న లీగు బఫెలో జట్టు చేతిలో సైతము ఓడిపోవలసి వచ్చెను. ఇంతకంటె అవమానమేమి కావలెను?

ఇట్టి సమయమున కోపముతో అందరిని మార్చివేయుట యొక విధము. నిరాశతో ఎవరిని మార్చకుండుట మరియొక విధము. స్టాలింగ్స్ ఈ రెండును చేయలేదు. ఆ దినములకు ముందు వెనుకల ఆయన చేసిన మార్పులను పరిశీలించినచో, తన జట్టును ఆయన భాగములుగా విడదీసి తూచెనని స్పష్టమగును.

మొదటిది, బంతి విసరువారు. డిక్ రుడాల్ఫ్, బిల్ జేమ్స్, లెఫ్టీ టైలర్ అను ముగ్గురు ఆయనకుండిరి. రుడాల్ఫ్ పొట్టివాడు, న్యూయార్కువారు చాలడని విడిచిపెట్టినవాడు. జేమ్స్ ఇరువది రెండేండ్ల యువకుడు. టైలర్ ఎడమచేతివాడు. ఓటములెన్ని వచ్చినను ఈ ముగ్గురి బలము మేలైనదని గ్రహించి, భారమంతయు వారిపై మోపెను. అంతకు ముందేడు 16 పోటీలు గెలిచిన హబ్ పెర్డ్యూ మాత్రము ఆ యేడు తడబడుచుండెను. పేరును చూడక, ఉన్న స్థితిని చూచి, జూన్ నెలాఖరున ఆయనను సెయింట్ లూయిస్ జట్టునకిచ్చి, ప్రతిగా పాసమ్ విటెడ్, టెడ్ కాథర్ అను ఇద్దరిని తెచ్చుకొనెను.

రెండవది, మైదానపు నడిమి భాగము. అచ్చట జానీ ఎవర్స్, రాబిట్ మరాన్‌విల్ అనువారుండిరి. ఎవర్స్ షికాగో జట్టు తొలగించిన అనుభవశాలి. మరాన్‌విల్ అయిదడుగుల అయిదంగుళముల పొట్టి యువకుడు. వీరిద్దరును బంతిని అందుకొని విసరుటలో అద్వితీయులు. ఇచ్చట మార్పు అక్కరలేదని ఆయన తెలిసికొనెను. మార్పవలసిన దానిని ఎరుగుట యెంత ముఖ్యమో, మార్పరాని దానిని ఎరుగుటయు అంతే ముఖ్యము.

మూడవది, మైదానపు అంచులలో నిలుచువారు. ఇదే జట్టు బలహీనత. వీరిలో జో కానలీ దక్క మంచి బ్యాటు పట్టువాడు లేడు. గొప్పవారిని కొనుటకు ధనము చాలదు. అప్పుడు స్టాలింగ్స్ ఒక చక్కని ఉపాయము పన్నెను. కుడిచేతితో బంతి విసరువానిని ఎడమచేతివాటము గలవాడు సులభముగా ఎదుర్కొనును; ఎడమచేతితో విసరువానిని కుడిచేతివాటము వాడు ఎదుర్కొనును. బంతి వచ్చు దిక్కు అట్లు వారి కంటికి తేటగా కనబడుటయే దీనికి కారణము. కావున ఎదుటి జట్టు నాడు ఎవరిచే బంతి వేయించునో చూచి, తన వారిని జతలుగా మార్చుచు ఆడించెను. ఒక్కొక్కడు సగము మాత్రమే సమర్థుడైనను, ఇద్దరి సగములు కలిసి ఒక నిండు ఆటగాడయ్యెను. ఈ పద్ధతి ఇతరులకును కొంత తెలిసినదే. కాని ఒక పెద్ద జట్టు దీనిని ఆసాంతము పాటించి విజయము పొందుటతో దేశమంతట ప్రచారమునకు వచ్చెను. దీనికొరకే జోష్ డెవోర్, హెర్బీ మోరాన్ అనువారిని కూడ నడి వేసవిలో తెచ్చుకొనెను. మూడవ స్థానమును కాచువాడు చాలకుండగా, ఆగస్టులో బ్రూక్లిన్ నుండి రెడ్ స్మిత్ అనువానిని కొని తెచ్చెను.

ఫలము వెంటనే కనబడెను. జూలై 19 న జట్టు ఎనిమిదవ స్థానమును విడిచెను. ఆగస్టు 23 నాటికి న్యూయార్కుతో సమానమయ్యెను. బ్రేవ్స్ వారి పాత మైదానము చిన్నదగుటచే, అదే నగరమునకు చెందిన రెడ్ సాక్స్ జట్టు తమ క్రొత్త ఫెన్వే మైదానమును వాడుకొననిచ్చెను. సెప్టెంబరు 7 న అచ్చట న్యూయార్కుతో రెండు పోటీలు జరుగగా, చూచుటకు వచ్చినవారు 70 వేలకు పైగా నుండిరి. ఒకటి గెలిచి ఒకటి ఓడి, మరునాడు జేమ్స్ బంతితో మూడవదానిని గెలిచిన పిమ్మట, బోస్టన్ వెనుదిరిగి చూడలేదు. ఆ మరుసటి దినము, హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువుచున్న జార్జి డేవిస్ అను విద్యార్థి, ఫిలడెల్ఫియా జట్టువారు ఒక్కమారైనను బంతిని కొట్టి స్థానము చేరకుండునట్లు విసరి గెలిపించెను. జూలై 4 తరువాత ఫలితము తేలిన 87 పోటీలలో బ్రేవ్స్ గెలిచినవి 68, ఓడినవి 19. పదిహేను ఆటలు వెనుకబడియున్న జట్టు పదిన్నర ఆటల ఆధిక్యముతో లీగు విజేత యయ్యెను.

మిగిలినది వరల్డ్ సిరీస్. ఎదుట నున్నది కానీ మాక్ నడపు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. గడచిన నాలుగేండ్లలో మూడుమారులు జగజ్జేతలని పేరొందిన జట్టది. బోస్టన్ గెలుచునని నమ్మినవారు అరుదు. పైగా లీగు చివరి దినములలో రెడ్ స్మిత్ కాలు విరిగెను. అయినను రుడాల్ఫ్ రెండు, జేమ్స్ రెండు, వరుసగా నాలుగు పోటీలను గెలిచిరి. క్యాచరు హాంక్ గౌడీ పదకొండింట ఆరుమారులు బంతిని చక్కగా కొట్టి అందరిని ఆశ్చర్యపరచెను. ఒక్క ఓటమియు, ఒక్క సమానఫలితమును లేక నాలుగు పోటీలలో వరల్డ్ సిరీస్ ముగియుట చరిత్రలో అదియే మొదలు. లోకము స్టాలింగ్స్‌ను అద్భుతపురుషుడని కీర్తించెను.

అయితే ఈ లెక్కకు వేరొక పార్శ్వము గలదు. ఆ యేడు ఇరువది రెండేండ్ల జేమ్స్ 330 కి పైగా ఇన్నింగ్సులు బంతి విసరి 26 పోటీలు గెలిపించెను. మరుసటి యేడు ఆయన భుజము చెడెను. అయిదు పోటీలు మాత్రమే గెలువగలిగెను. ఆ మీదట పెద్ద లీగులో ఆయన పేరు వినబడుట దాదాపు నిలిచిపోయెను. ఒక యేటి విజయమునకు ఒక యువకుని భవిష్యత్తు మూల్యముగా చెల్లింపబడెనా యను ప్రశ్న నేటికిని మిగిలియున్నది. బలమును గుర్తించుట నాయకునికి గొప్ప గుణము. ఆ బలమునకు హద్దు గలదని గుర్తించుట అంతకంటె గొప్ప గుణము.

బ్రేవ్స్ 1915 లో రెండవ స్థానమున, 1916 లో మూడవ స్థానమున నిలిచి, పిమ్మట క్రమముగా దిగజారెను. 1920 తరువాత స్టాలింగ్స్ ఆ పదవిని విడిచి, రోచెస్టరు నగరములోని చిన్న లీగు జట్టును పలు సంవత్సరములు నడపెను. తుదకు జార్జియాలోని హాడక్ గ్రామమునందలి తన పొలమునకు చేరి, 1929 మే 13 న, అరువది యొకటవ యేట మరణించెను. పెద్ద లీగులలో ఆయన పదుమూడేండ్ల లెక్క తీసినచో గెలుపులు 879, ఓటములు 898. అనగా ఓటములే ఎక్కువ. అయినను బేస్‌బాల్ చరిత్ర వ్రాయువారెవ్వరును ఆయన పేరు విడువజాలరు.

విద్యార్థులారా! 1914 జూలైలో బోస్టన్ జట్టునకు ఆకాశమునుండి ఏ వరమును దిగిరాలేదు. కొందరు వచ్చిరి, కొందరు పోయిరి. కాని బంతి విసరిన ఆ ముగ్గురును, నడిమి భాగమును కాచిన ఆ ఇద్దరును ఎనిమిదవ స్థానమున నున్ననాడు గలవారే. జట్టు పట్టికలో ఏ స్థానమున నున్నదను ప్రశ్న ఒకటి. జట్టులో ఏమున్నదను ప్రశ్న వేరొకటి. మార్కుల పట్టిక ఇంటికి వచ్చిన దినమున తల్లిదండ్రులును పిల్లలును మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుదురు. రెండవ ప్రశ్నను కూడ కలిసి కూర్చుండి వేసికొన్నచో, మిగిలిన సగము సంవత్సరము వ్యర్థము కాదు.