వాల్ట్ డిస్నీ - ఒక తండ్రి నిర్మించిన ఉద్యానవనం

మిక్కీ మౌస్ సృష్టికర్తగా వాల్టర్ ఎలియాస్ డిస్నీ పేరు ఎరుగని విద్యార్థి అరుదు. ఆయన చిత్రాలను గురించి ఎందరో రాశారు, రాస్తూనే ఉన్నారు. ఎదుగుతున్న పిల్లలతో తల్లిదండ్రులు ఒక సెలవుదినాన్ని ఎట్లా గడపాలనే సామాన్యమైన ప్రశ్నకు ఆయన ఏళ్ల తరబడి సమాధానం వెదికిన విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఈ వ్యాసంలో మేము ఆయన జీవితంలోని ఆ భాగాన్నే విశేషించి పరిశీలించదలచాము.

డిస్నీ 1901 డిసెంబరు 5న అమెరికాలోని చికాగో నగరంలో జన్మించాడు. 1906లో ఆ కుటుంబం మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి చేరి వ్యవసాయం చేపట్టింది. ఆ పల్లె, ఆ పొలం, ఊరి పక్కగా సాగే రైలుబండి ఆయన మనస్సులో చిరకాలం నిలిచిపోయాయి. కాని ఆ సుఖం ఎంతో కాలం నిలువలేదు. 1911లో కుటుంబం కాన్సాస్ సిటీకి తరలిపోగా, తండ్రి ఎలియాస్ వార్తాపత్రికలు పంచే పని తీసుకుని కుమారులను ఆ పనిలో నియోగించాడు. బాలుడైన వాల్ట్ తెల్లవారకముందే నిద్రలేచి, చలికాలంలో మంచులో నడుస్తూ ఇంటింటికీ పత్రికలు చేర్చేవాడు. తరువాత తరగతిలో కునికిపాట్లు పడేవాడు. ఆరేళ్లకు పైగా అతని దినచర్య అదే. ఆ నగరంలో ఎలక్ట్రిక్ పార్కు అనే వినోదోద్యానం విద్యుద్దీపాలతో వెలుగుతుండేది. తండ్రి చేయి పట్టుకుని అటువంటి చోట తీరికగా తిరిగే భాగ్యం ఆ ఇంటి పిల్లలకు అంతగా లభించలేదు. 1918లో, పదహారేళ్ల వయస్సులో, జన్మతేదీ దిద్ది మరీ రెడ్‌క్రాస్ దళంలో చేరి ఫ్రాన్సు వెళ్లడంతో అతని కౌమారం ముగిసిందనవచ్చు.

తరువాతి చరిత్ర సుప్రసిద్ధమే. కాన్సాస్ సిటీలో స్థాపించిన చిత్రసంస్థ దివాలా తీయగా, 1923లో హాలీవుడ్ చేరి అన్న రాయ్‌తో కలిసి కొత్త సంస్థను ప్రారంభించాడు. 1928లో మిక్కీ మౌస్ తెరకెక్కింది. 1937లో స్నో వైట్ వెలువడి ప్రపంచఖ్యాతి తెచ్చింది. ఇంతలో 1925లో లిలియన్‌తో ఆయన వివాహం జరిగింది. 1933లో డయాన్ జన్మించగా, 1937లో షారన్‌ను దత్తపుత్రికగా స్వీకరించారు. ఎంత పని ఒత్తిడి ఉన్నా కుమార్తెలను పాఠశాలకు ఆయనే కారులో తీసుకుని వెళ్లేవాడు. తనకు దక్కనిది తన పిల్లలకు దక్కాలని ప్రతి తండ్రీ కోరుకుంటాడు. డిస్నీ ఆ కోరికను కార్యరూపంలో పెట్టాడు.

వారాంతపు సెలవులలో ఆయన కుమార్తెలను లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకుని వెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చుని వేరుశనగపప్పులు తినేవాడు. అక్కడే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. పిల్లల ఆనందానికి కావలసినవి అన్నీ అక్కడ ఉన్నాయి. పెద్దలకు మాత్రం ఎదురుచూడడం తప్ప వేరే పని లేదు. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆనందించే చోటు ఎందుకు ఉండరాదని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నాడు. నాటి వినోదస్థలాలు అనేకం అపరిశుభ్రతకూ, పనివారి మొరటుతనానికీ పేరుపడ్డవి. వాటిని చూసి లిలియన్ కూడా తొలుత భర్త ఆలోచనకు సుముఖత చూపలేదు.

1948 ఆగస్టు 31న ఆయన తన ఊహను తొలిసారిగా ఒక పత్రంలో వివరంగా రాసిపెట్టాడు. అప్పటికే డయాన్‌కు పద్నాలుగేళ్లు. 1949 వేసవిలో కుటుంబమంతా ఐరోపా ప్రయాణం చేసింది. పారిస్‌లో ఆయన కీ ఇస్తే నడిచే బొమ్మలు కొనితెచ్చి, హోటలు గదిలో వాటిని ఆడించి వాటి యంత్రరచనను పరిశీలించేవాడు. స్వదేశం చేరిన తరువాత కొత్త ఇంటి పెరటిలో చిన్న ఆవిరి రైలు నిర్మించుకున్నాడు. ఆ రైలుమార్గానికి అనుమతినిస్తున్నట్లు భార్యచేతా, కుమార్తెలిద్దరిచేతా ఒక ఒప్పందపత్రం మీద సంతకాలు చేయించాడు. అది పరిహాసంగా చేసినదే అయినా, ఇంటి విషయంలో పిల్లల అంగీకారం కూడా అడగదగినదేననే భావం అందులో మనకు కనిపిస్తుంది. 1951లో కోపెన్‌హేగన్‌లోని టివోలీ ఉద్యానాన్ని దర్శించి, అక్కడి శుభ్రతనూ, దీపాలంకరణనూ, కుటుంబాలు నిశ్చింతగా విహరించడాన్నీ చూసి ముగ్ధుడైనాడు.

ఊహకు ధనం తోడుకావాలి. అన్న రాయ్ తొలుత సంశయించాడు. డిస్నీ తన జీవితబీమా మీద అప్పు తీసుకున్నాడు. విశ్రాంతికై కట్టుకున్న ఇంటిని సైతం అమ్మివేశాడు. చివరకు ఏ.బి.సి. టెలివిజన్ సంస్థ పెట్టుబడికి ముందుకు వచ్చింది. ప్రతిగా ఆయన ఆ సంస్థకు వారం వారం ఒక కార్యక్రమం నిర్మించి ఇవ్వడానికి అంగీకరించాడు. అనహైమ్ పట్టణం వద్ద నారింజతోటలున్న 160 ఎకరాల భూమి కొని, 1954 జులైలో పని ప్రారంభించారు. ఏడాదిలో సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు ఖర్చయినాయి.

ఆ రచనలో ప్రతి అంశం వెనుకా కుటుంబ ప్రయాణపు కష్టసుఖాలు ఎరిగిన బుద్ధి పనిచేసింది. లోపలికి ఒకే ప్రధానద్వారం. ద్వారం నుండి సాగే వీధి చివర కోట. కోట ఎదుట నడిమి కూడలి. ఆ కూడలి నుండి నలుదిక్కులకూ దారులు. ఎవరు ఎటు వెళ్లినా కోట గుర్తుగా తిరిగి అక్కడే కలుసుకోవచ్చు. బయటి లోకం కనిపించకుండా చుట్టూ మట్టిగట్టు, దాని మీద రైలుమార్గం. రంగులరాట్నంలో ఏ పిల్లవాడూ నిలిచిన గుర్రం దక్కిందని చిన్నబుచ్చుకోకుండా, అన్నీ దూకే గుర్రాలే ఉండాలని ఆయన ఆదేశించాడు.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు, 1955 జులై 13న, డిస్నీ దంపతుల ముప్పయ్యవ వివాహ వార్షికోత్సవం ఆ ఉద్యానంలోనే జరిగింది. ఆ రాత్రి తండ్రిని కారులో ఇంటికి చేర్చినది డయాన్. వెనుక సీటులో ఆయన పసిపిల్లవాని వలె నిద్రపోయాడట. ఒకనాడు తండ్రి వెంట రంగులరాట్నానికి వెళ్లిన బాలిక అప్పటికి వివాహిత, బిడ్డతల్లి. షారన్‌కు పద్దెనిమిదేళ్లు. ఎవరి బాల్యాన్ని చూసి ఆ తోటను తలపెట్టాడో వారి బాల్యం తోట పూర్తి కాకముందే గడిచిపోయింది. డిస్నీ జీవితంలో మమ్మల్ని అత్యంతంగా కదిలించిన సత్యమిది.

జులై 17న జరిగిన ప్రారంభోత్సవం గందరగోళంగా నడిచింది. నకిలీ టిక్కెట్లతో జనం వచ్చిపడ్డారు. ఎండ తీవ్రంగా ఉంది. కొత్తగా వేసిన తారు మెత్తబడింది. తాగునీటి కుళాయిలు చాలలేదు. డిస్నీ నిరుత్సాహపడక లోపాలను ఒక్కొక్కటిగా సవరించాడు. రెండు నెలలు తిరగకముందే పది లక్షలమంది సందర్శించారు. అగ్నిమాపక కేంద్రం మీది చిన్న నివాసంలో బసచేసి, సామాన్యుల వరుసలలో తానూ నిలబడి, ఎవరు ఎక్కడ విసుగు చెందుతున్నారో గమనించేవాడు. పసివారికి నచ్చినది యువతకు చాలదని గ్రహించి, 1957లో యువతీయువకులకై సాయంకాలపు సంగీత నృత్య కార్యక్రమాలను ఏర్పాటుచేయించాడు. 1959లో మాటర్‌హార్న్ కొండ మీదుగా వేగంగా దూసుకుపోయే బండ్లు వచ్చాయి. 1961 నుండి ఉన్నత పాఠశాల చదువు ముగించిన విద్యార్థులకై ప్రత్యేకంగా ఒక రాత్రి కేటాయించారు.

ఫ్లోరిడాలో మరింత విశాలమైన ఉద్యానాన్ని తలపెట్టిన డిస్నీ, దాన్ని చూడకుండానే 1966 డిసెంబరు 15న ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించాడు. రాయ్ తన విశ్రాంతిని వాయిదా వేసుకుని, తమ్ముని కలను 1971 అక్టోబరు 1న నెరవేర్చి, ఆ డిసెంబరులోనే కన్నుమూశాడు.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది స్పష్టమే. కుటుంబంతో విహారయాత్రకు టిక్కెట్లూ, బసా, ఖర్చులూ ముందుగా లెక్కించుకోవడం అవసరమే. అంతకన్నా ముఖ్యం, కౌమారంలో ఉన్నవారిని పిల్లలుగా వెంట లాగకుండా ఆలోచనలో భాగస్వాములుగా చేర్చుకోవడం. కొంతసేపు వారి దారిన వారిని తిరగనిచ్చి, కలుసుకునే చోటు మాత్రం నిశ్చయించుకోవడం. విద్యార్థి మిత్రులు కూడా తమ వంతుగా, బెంచీ మీద ఎదురుచూస్తూ కూర్చున్న తల్లిదండ్రులను లేపి తమ వెంట తీసుకుని వెళ్లాలి. ఉద్యానాలను ఏనాడైనా నిర్మించుకోవచ్చు. కలిసి విహరించవలసిన వయస్సు మాత్రం ఎవరికోసమూ ఆగదు.