కర్మవీర భావురావు పాటిల్ గారి విద్యాకాయకము

పేదవిద్యార్థికి కష్టములు రెండు. ఒకటి బడిజీతము, రెండవది పూటకూడు. ఎవరో ఒకరి సిఫారసుతో జీతము మాఫీ అయినను, పరవూరిలో రెండుపూటల అన్నము దొరకక చదువు మానుకొన్నవారు పల్లెలలో ఎందరో కలరు. తల్లిదండ్రులు పోషింపలేరు, ఒకరి గడపకు పోయి చేయి చాచుటకు మనసొప్పదు. అట్టి బిడ్డ కాలేజీ చదువు చదువవలెనన్న దారి యేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన జీవితమును, తన యిల్లాలి నగలను కూడ ధారపోసిన మహనీయులు కర్మవీర భావురావు పాటిల్ గారు. వారు జైనకుటుంబమున జన్మించినవారు, లింగధారులు కారు. అయినను బసవేశ్వరులు బోధించిన కాయకము, దాసోహము అను రెండును వారి పాఠశాలలలో ఒక్కటియైన తీరు శరణసంప్రదాయమువారు తప్పక తెలిసికొనదగినది.

1887 సెప్టెంబరు 22వ తేదీన కొల్హాపురమునకు చేరువనున్న కుంభోజ గ్రామమున వారు జన్మించిరి. తండ్రి పాయగౌండ పాటిల్ రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి గంగాబాయి. చదువుకొరకు కొల్హాపురము చేరి, జైన విద్యార్థుల వసతిగృహమున ఉండి రాజారాం హైస్కూలులో చదివిరి. ఆ కాలమున శాహు మహారాజు తన సంస్థానములో ప్రతి కులమువారికిని వసతిగృహములు పెట్టించుచుండిరి. 1908లో అస్పృశ్యులనబడిన పిల్లలకొరకు మిస్ క్లార్క్ వసతిగృహము వెలసెను. దాని ప్రారంభోత్సవమునకు పోయివచ్చిన భావురావును, స్నానము చేసి శుద్ధియైనగాని భోజనశాలలోనికి రారాదని పెద్దలు శాసించిరి. ఆ బాలుడు స్నానము చేయననెను. వసతిగృహము విడువవలసివచ్చెను. అన్నము కొరకు మనసును అమ్ముకొనుట కంటె అన్నమే పోవుట మేలని అప్పుడే వారికి తోచినట్లున్నది.

మెట్రిక్యులేషన్ పరీక్ష వారికి దక్కలేదు. గణితము కొరకరాని కొయ్య. పిమ్మట సతారాలో పిల్లలకు ఇండ్లలో పాఠములు చెప్పి జీవించిరి. 1914లో కొల్హాపురములో రాజవిగ్రహమునకు ఎవరో తారు పూసిన కేసులో, అణ్ణాసాహేబ్ లఠ్ఠే గారికి వ్యతిరేకముగా అబద్ధపు సాక్ష్యము చెప్పుమని పోలీసులు వారిని నిర్బంధించిరి. చెరసాలలో పడిరి, ప్రాణము తీసికొనుటకు కూడ సిద్ధపడిరి గాని అబద్ధమాడలేదు. అనంతరము కిర్లోస్కర్ వారి ఇనుపనాగళ్లను అమ్ముచు ఊరూర తిరిగిరి. నాగలి ధర చెప్పి, చీటీ వ్రాసి ఇచ్చినచో దానిని చదువుకొనలేని రైతులను వారు ఆ తిరుగుడులోనే చూచిరి.

1919 అక్టోబరు 4వ తేదీన కరాడ్ సమీపమందలి కాలే గ్రామములో రయత్ శిక్షణ సంస్థ స్థాపితమయ్యెను. రయత్ అనగా రైతుజనము. 1924లో దానిని సతారాకు మార్చి అక్కడ వసతిగృహము తెరచిరి. హరిజనులు, మరాఠాలు, మహమ్మదీయులు, జైనులు, బ్రాహ్మణులు అను భేదము లేక పిల్లలందరు ఒకే పొయ్యిమీద వండినది ఒకే పంక్తిలో తినవలెను. బసవకల్యాణమునందు అనుభవమంటపములో కూడిన శరణులు ఏ కులమునుండి వచ్చిరో స్మరించువారికి ఈ పంక్తి కొత్తగా తోచదు. 1927 ఫిబ్రవరి 25వ తేదీన గాంధీమహాత్ములు ఆ గృహమునకు శాహు మహారాజు పేరు పెట్టిరి. ఏ సంస్థానపు పోలీసులు తమను చెరలో వేసిరో ఆ సంస్థానాధిపతి పేరే అది. ఆయన చేసిన మేలు ముందు తమ బాధ చిన్నదని పాటిల్ గారు తలచిరి కాబోలు.

ఈ గృహమును నిలిపినది భార్య లక్ష్మీబాయి. ఆచారవంతమైన జైనకుటుంబపు ఆడపడుచు ఆమె. మొదట అన్ని కులముల పిల్లలకు వండిపెట్టుట ఆమెకు సులభము కాలేదు. క్రమముగా వారందరు ఆమెను తల్లిగా భావించిరి. గాదె నిండుకొన్నప్పుడెల్ల ఆమె నగలొక్కొక్కటి అంగడికి పోయెను. భర్త ఊరలేని ఒకనాడు పిల్లలకు గింజ లేకపోగా ఆమె మెడలోని మంగళసూత్రమును కూడ తీసియిచ్చెను. ఆడువారికి ఇంతకంటె కఠినమైన దాసోహము మరి యేది? 1930లో ఆమె స్వర్గస్థురాలయ్యెను. తాను నగలమ్మి పెంచిన సంస్థ కాలేజీ స్థాయికి ఎదుగుట ఆమె చూడనే లేదు.

నగలమ్మి ఎంతకాలము నడుపగలరు? అందుచే పాటిల్ గారు పని, చదువు అను రెంటిని ముడివేసిరి. పిల్లలు పొలము దున్నిరి, బావులు త్రవ్విరి, రాళ్లు మోసి తమ గదులు తామే కట్టుకొనిరి, వంట వంతులవారీగా చేసికొనిరి. ఆ శ్రమయే వారి జీతము, భోజనవ్యయము. 1940లో సతారాలో వెలసిన మహారాజా సయాజీరావు హైస్కూలు ఈ పద్ధతిమీదనే నడచెను. 1947లో ఛత్రపతి శివాజీ కాలేజీ వచ్చినది. చేతిలో కాసు లేనివాడు కూడ తన చెమటతో కాలేజీ చదువవచ్చునని అది చూపెను.

పగలు గడ్డపార పట్టినవానికి రాత్రి దీపము ముందు కునుకు వచ్చునని, ధనికుని బిడ్డకు ఆ బాధ లేదని కొందరు ఆక్షేపింతురు. ఆ మాట అబద్ధము కాదు. చదువు గంటలను పని తినివేయకుండ చూచుట నడిపించువారి బాధ్యత. అయినను ఆ పిల్లవాడు ఎవరికిని ఋణపడడు, విద్యాదానము పొందితినని తల వంచుకొనడు. తుమకూరు సిద్ధగంగా మఠము వంటి చోట్ల వేలమంది బిడ్డలకు అన్నదాసోహము జరుగుట సకల ప్రజలెరిగినదే. తినువాడు కూడ కాయకము చేసి తినుట పాటిల్ గారు గట్టిగా పట్టుకొన్న నియమము.

1948లో గాంధీజీ మరణానంతరము వారి పేర 101 హైస్కూళ్లు తెరచెదనని పాటిల్ గారు ప్రతిజ్ఞ చేసిరి. అదే కాలమున వారి ముక్కుసూటి మాటలకు కినిసి బొంబాయి ప్రభుత్వము సంస్థకు గ్రాంటు నిలిపివేసెను. వేల పిల్లల అన్నము సందేహములో పడెను. అప్పుడు ప్రజలే ఆదుకొనిరి. తుదకు గ్రాంటు తిరిగి వచ్చెను. 1954లో కరాడులో తెరచిన కాలేజీకి వారు తమ పేరు పెట్టుకొనక సద్గురు గాడ్గే మహారాజ్ పేరు పెట్టిరి. సంస్థకు చిహ్నము మఱ్ఱిచెట్టు.

1959లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. ఏప్రిల్ 5వ తేదీన పూనా విశ్వవిద్యాలయము, మెట్రిక్ దాటని ఆ వృద్ధునికి డాక్టరేటు పట్టమిచ్చి గౌరవించెను. మే 9వ తేదీన పూనాలో వారు కన్నుమూసిరి.