నవ్వని ముఖము: ఫ్రెడరిక్ డగ్లస్

1838 సెప్టెంబరు 3వ తేదీన, అమెరికాలోని బాల్టిమోరు నగరము నుండి ఉత్తరమునకు పోవు రైలులో నావికుని దుస్తులు ధరించిన నల్లజాతి యువకుడొకడు ప్రయాణము చేయుచుండెను. ఎఱ్ఱని చొక్కా, మెడకు వదులుగా కట్టిన నల్లని రుమాలు, జేబులో గ్రద్దబొమ్మ ముద్రించిన ఒక కాగితము. అతడు నావికుడు కాడు. రేవులో ఓడల పలకల సందులు పూడ్చు పనివాడు, ఒక యజమానికి బానిస. ఆ కాగితము స్వతంత్రుడైన వేరొక నావికునిది. అందు వ్రాసిన పోలికలకును ఇతని రూపునకును పొంతన లేదు. టిక్కెట్లు చూచు ఉద్యోగి అది చదివి ముఖముతో సరిచూచినచో ఆ ప్రయాణము చెరసాలలో ముగిసెడిది. ఆయన గ్రద్దబొమ్మను మాత్రము చూచి ముందునకు సాగిపోయెను. మరునాటికి ఆ యువకుడు న్యూయార్కు చేరెను.

ఆనాటి గుర్తింపు కాగితములపై మనిషి చిత్రముండెడిది కాదు. ఎత్తు, మేనిచాయ, గాయపు మచ్చలు మాటలలో వ్రాసెడివారు. పారిస్ నగరమున డాగేర్ కనుగొన్న ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనది మరుసటి యేట, 1839లో. పరుని కాగితముతో బయటపడిన ఈ ఫ్రెడరిక్ డగ్లస్ తన శేషజీవితములో 160కి తక్కువ గాకుండ ఛాయాచిత్రములు తీయించుకొనెను. 19వ శతాబ్దపు అమెరికాలో మరెవ్వరికిని ఇన్ని చిత్రములు లేవని పరిశోధకులు లెక్క తేల్చిరి. అధ్యక్షుడు లింకన్ చిత్రములు సైతము 126 మాత్రమే దొరకినవి. ఇది అందగాని మోజు అని త్రోసివేయుటకు వీలులేని విషయము.

డగ్లస్ 1818లో మేరీలాండు రాష్ట్రమున జన్మించెను. పుట్టిన తేదీ ఆయనకు తుదివరకు తెలియలేదు. తల్లి హారియెట్ బెయిలీ దూరమునందలి పొలమున పనిచేయుచు, అప్పుడప్పుడు రాత్రివేళ నడచి వచ్చి బిడ్డను చూచి, తెల్లవారకమునుపే తిరిగి పోయెడిది. ఆయన పసితనముననే ఆమె మరణించెను. ఆమె చిత్రమేదియు లేదు. పెద్దయైన పిమ్మట ప్రిచర్డ్ అను పండితుడు మానవజాతులను గూర్చి వ్రాసిన గ్రంథములో ప్రాచీన ఈజిప్టు శిల్పము బొమ్మ నొకదానిని చూచి, అందు తల్లి పోలికలు కలవని తలచి, పలుమారు ఆ పుటను తెరచి చూచుకొనెడివాడట. కన్నతల్లి ముఖమునకై పరదేశపు రాజు శిల్పమును ఆశ్రయించిన ఈ కుమారుడే తరువాత అన్ని చిత్రములు తీయించుకొనెనన్న సంగతి నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును.

1826లో ఆయనను బాల్టిమోరునకు పంపిరి. ఆ యింటి యిల్లాలు సోఫియా ఆల్డ్ అక్షరములు నేర్ప మొదలిడెను. భర్త వలదని మాన్పించెను. పిమ్మట వీధిలోని తెల్ల పిల్లలకు రొట్టెముక్కలిచ్చి మిగిలిన చదువు నేర్చుకొనెను. మన పాఠశాలలలో పలకను నేలకు కొట్టు పిల్లలకు ఈ ఘట్టము వినిపింపదగినది.

పారిపోవుటకు సొమ్మిచ్చి తోడ్పడిన ఆనా మరే అను స్వతంత్ర స్త్రీని న్యూయార్కులో వివాహమాడి, న్యూబెడ్‌ఫర్డు పట్టణమున కాపురముండెను. పట్టుబడకుండుటకై బెయిలీ అను ఇంటిపేరు విడిచెను. ఆశ్రయమిచ్చిన మిత్రుడు స్కాటు కవి కావ్యమునుండి డగ్లస్ అను నామము సూచించెను. దుస్తులు, కాగితము, పేరు: మూడును ఎరువు తెచ్చుకొన్నవే.

1841లో నాంటకెట్ దీవి సభలో ఆయన బానిసత్వమును గూర్చి ప్రసంగించినది మొదలు ఉద్యమనాయకులు ఆయనను ఊరూర తిప్పిరి. ఇచ్చట వింతయైన చిక్కు వచ్చెను. ఇంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండునా యని శ్రోతలు సందేహింపసాగిరి. శ్రేయోభిలాషులైన తెల్ల మిత్రులే, పొలముల యాస కొంత ఉంచుమనియు, కొరడాదెబ్బల కథ మాత్రము చెప్పుమనియు, సిద్ధాంతచర్చ తమకు విడువుమనియు హితవు పలికిరి. అనగా బానిసయైనవానినే బానిసవేషము కట్టుమనిరి! ఆయన అంగీకరింపలేదు. 1845లో యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు దాచక ఆత్మకథ ప్రకటించెను. దానితో పట్టుబడు భయము హెచ్చగా బ్రిటనునకు పోయెను. అచ్చటి మిత్రులు 1846లో సొమ్ము చెల్లించి ఆయనకు విడుదల పత్రము సంపాదించిరి.

ఆ దినములలో తెల్లవారు ముఖమునకు మసి పూసికొని, నల్లజాతివారివలె ఆడి పాడి నవ్వించు ప్రదర్శనలు మిక్కిలి ప్రసిద్ధములు. గ్రంథములలోని బొమ్మలలోను బానిస పండ్లికిలించుచునే కనబడెడివాడు. 1849లో ఒక పుస్తకమున అచ్చయిన తన బొమ్మను చూచి డగ్లస్ ఆక్షేపించెను: చిత్రకారుడు తనకు లేని ప్రసన్నతను ముఖమునకు అతికించెనట. తెల్ల చిత్రకారుని చేయి, తాను తలచుకొన్న నల్లవానినే గీయునని ఆయన అభిప్రాయము. కెమేరాకు అట్టి ముందూహ లేదని ఆయన నమ్మెను.

ఆ నమ్మకము పూర్తిగా చెల్లదని నేడు మనకు తెలియును. 1850లో హార్వర్డు పండితుడు అగసీ, జాతులు వేర్వేరుగా సృష్టింపబడినవన్న తన వాదమును నిలుపుటకై, దక్షిణ కరొలైనాలో ఐదుగురు పురుషులను, ఇద్దరు స్త్రీలను, అందరును బానిసలే, వస్త్రములు తొలగింపించి చిత్రములు తీయించెను. ఆ రేకులు 1976లో హార్వర్డు మ్యూజియము అటకపై బయల్పడినవి. యంత్రము ఒకటియే; ఎట్లు కూర్చుండవలెనో నిర్ణయించువారెవరన్నదే భేదము.

డగ్లస్ ఆ నిర్ణయమును తన చేతిలో నుంచుకొనెను. మన అలంకారికులు చెప్పిన ఆహార్యము, సాత్త్వికము అను అభినయభేదములతో ఆ చిత్రములను చక్కగా పరిశీలింపవచ్చును. ఆహార్యము: నల్లని కోటు, తెల్లని గట్టి కాలరు, పాపట తీర్చిన జుట్టు. స్టూడియోలలో వాడుకయైన రంగుతెరలు, పూలకుండీలు ఆయనకు రుచింపవు. సాత్త్వికము: బిగించిన పెదవులు, ముడిపడిన కనుబొమలు, తొలినాటి చిత్రములలో సూటిగా మనవైపు నిలిచిన చూపు. ఆ కాలమున వెండిపూత రేకుపై రూపము పడుటకు కొన్ని క్షణములు కదలక యుండవలెను గనుక నవ్వినవారు అరుదే. కాని విధానములు మారి పని తేలికయైన పిమ్మటను ఆయన నవ్వలేదు. ఇదియు అభినయమే; తాను ఎన్నుకొన్న పాత్ర, తానే యైన పాత్ర.

1861 డిసెంబరులో, అంతర్యుద్ధము రగులుచుండగా, బోస్టనులో ఆయన చిత్రములను గూర్చి ఉపన్యసించెను. యుద్ధవేళ ఈ ముచ్చట యేమని కొందరికి తోచియుండును. పూర్వము రాజులకు దొరకని చిత్రము నేడు పనిపిల్లకును దొరకుచున్నదనియు, తన్ను తాను ఎదుట నిలుపుకొని చూడగలుగుట మానవుని విశేషమనియు, విమర్శకును సంస్కరణమునకును అదియే మూలమనియు ఆయన వాదము.

ఆ వాదమునకు మన కాలపు ఛాయాచిత్రకారులు వారసులైరి. క్యారీ మే వీమ్స్ 1995లో అగసీ తీయించిన చిత్రములనే ఎఱ్ఱరంగులో మరల ముద్రించి, వానిపై తన మాటలు చెక్కి గోడ కెక్కించెను. సెనెగల్ దేశీయుడు ఒమర్ విక్టర్ డియోప్ 2014లో ఆరంభించిన చిత్రమాలలో పూర్వపు ఆఫ్రికా సంతతి ప్రముఖుల వేషములు తానే ధరించి, ఫుట్‌బాలు సామగ్రి చేతబట్టి, తన చిత్రములు తానే తీసికొనెను. నేటి యూరపులో నల్లజాతి ఆటగాండ్రకు లభించు జేజేలు, అవమానములు రెండును ఆ వస్తువులు తలపించును. డగ్లస్ వేషము కూడ ఆ మాలలో నున్నది.

ఆనా 1882లో గతించెను. రెండేండ్లకు డగ్లస్ హెలెన్ పిట్స్ అను తెల్లజాతి విద్యావంతురాలిని వివాహమాడగా, ఇరుజాతులవారును, కన్నబిడ్డలును కినుక వహించిరి. ఆయన ఆమెతో కలసి చిత్రము తీయించుకొనెను. 1894లో వయోలిను విద్వాంసుడైన మనుమడు జోసెఫుతో మరియొకటి. జుట్టు తెల్లబడి సింహపు జూలువలె నున్నది. చూపు మాత్రము మారలేదు. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టనులో స్త్రీల సభకు పోయి వచ్చి, ఆ సాయంత్రము ఇంటిలో హఠాత్తుగా మరణించెను. సీడర్ హిల్ అను ఆ యిల్లు నేడు జాతీయ స్మారకముగా రక్షింపబడుచున్నది.