పిల్లల పక్కన కూర్చున్న దైవజనుడు

ఇండియాకొచ్చిన తొలి ప్రొటెస్టెంట్ మిషనరీల్లో ఒకరు బర్తలోమయి జీగెన్‌బాల్గ్. జర్మనీకి చెందిన ఈ యువకుడు 1706 జులైలో తమిళ తీరాన, డేనిష్ వారి స్థావరమైన తరంగంబాడిలో ఓడ దిగాడు. బోధించడానికి వచ్చినవాడు ముందుగా విద్యార్థి అయ్యాడు. ఒక ముసలి పంతులును బడిపిల్లలతో సహా తన ఇంటికే రప్పించుకొని, వారి మధ్య నేలపై కూర్చొని ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దాడు. ఆ భాషే ఆయన బడులకు పునాది అయింది. 1707లోనే, చదువుకు దూరమైన ఆడపిల్లలకూ బడి తెరిచాడు. గవర్నర్ నాలుగు నెలలు జైల్లో పెట్టినా వెనుదిరగలేదు. 1715 నాటికి తమిళంలో కొత్త నిబంధనను ముద్రించి ప్రజల చేతికిచ్చాడు. 1719లో 36 ఏళ్లకే ప్రభువు సన్నిధికి చేరాడు. అదే ఏడాది తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ తర్వాత మన తెలుగులోకి బైబిల్ అనువాదానికి పూనుకున్నాడు.

లక్షలు పోసి చర్చీలు కట్టుకుంటున్నాం. ఆ చర్చి పక్కనే ఐదో తరగతికొచ్చినా రెండో తరగతి పాఠం చదవలేని బిడ్డలున్నారు. బడికి పంపితే సరిపోదు, వారికి చదువు రావాలి. వారానికో గంట వారి పక్కన నేలపై కూర్చోగలమా? చిన్నబిడ్డల్ని దగ్గరికి తీసుకున్న ప్రభువుకు అంతకన్నా ఇష్టమైన ఆరాధన ఏముంటుంది?