కరువు గాయములు మాన్పిన తల్లి: పండిత రమాబాయిగారి జీవితము



మక్తల్ మీదుగా కృష్ణానది దాటిన యెడల రాయచూరు వచ్చును. నేడది కర్ణాటకలోనిదైనను ఆనాడు మన పాలమూరు, నల్లగొండల వలెనే నిజాము రాజ్యములోనిది. 1870 తరువాత వచ్చిన గొప్ప కరువులో ఒక బ్రాహ్మణ కుటుంబము కాలినడకను ఆ ఊరు చేరెను. తండ్రి అనంత శాస్త్రి అప్పటికే ఆకలిచేత చనిపోయెను. తల్లి లక్ష్మీబాయి లేవలేని స్థితిలో ఉండెను. చిన్న కుమార్తె పొరుగింటి గుమ్మమున నిలిచెను గాని, అడుగుటకు నోరు రాలేదు, కన్నీరు మాత్రము వచ్చెను. ఆ ఇల్లాలు జాలిపడి ఒక రొట్టెముక్క ఇచ్చెను. తల్లి దానిని తినలేకపోయెను, కొన్ని దినములకు కన్నుమూసెను. పాడె మోయుటకు మనుష్యులు చాలనందున ఆ పిల్లయే ఒక కొమ్ము పట్టెను. పొట్టిదగుటచేత భుజమున గాక తలమీద మోసెను. ఆమెయే రమాబాయి.

ఆమె 1858లో పడమటి కనుమల అడవిలో పుట్టెను. ఆడపిల్లకు సంస్కృతము నేర్పుట తప్పని ఎంచబడిన కాలములో తల్లియే ఆమెకు నేర్పెను. తల్లి వెనుక అక్కయు పోయెను. మిగిలిన అన్న శ్రీనివాసునితో ఆమె కాశ్మీరము వరకు వేల మైళ్లు నడచెను. చలికి కప్పుకొన బట్టలేక జీలం నది ఒడ్డున ఇసుకలో గుంటలు త్రవ్వుకొని, తలలు మాత్రము పైకుంచి ఇరువురు పండుకొనిరి. 1878లో కలకత్తా పండితులు ఆమె విద్యను మెచ్చి బిరుదులిచ్చిరి. 1880లో అన్న పోయెను. పెండ్లియైన రెండేండ్లలోపే, 1882లో, కలరాచేత భర్త పోయెను. చేతిలో మనోరమయను పసిబిడ్డ మిగిలెను.

ఇన్ని దెబ్బలు తిన్న మనస్సు ఏమగును? పైకి ఆమె ధైర్యముగానే ఉండెను. 1883లో ఇంగ్లాండు వెళ్లెను. అక్కడ తన వెంట వచ్చిన స్నేహితురాలు మతి చలించి ప్రాణము తీసికొనెను. అటుపిమ్మట రమాబాయి ఆక్స్‌ఫర్డులో మాక్స్ ముల్లరుగారింట ఉన్నప్పుడు రాత్రి ఒంటరిగా నిద్రించలేకపోయెను. ఆ ఇంటివారు ఒక పనిపిల్లను ప్రతి రాత్రి ఆమె గదిలో పండుకొనబెట్టిరి. వారు ఆమెకు నీతిబోధ చేయలేదు, మరచిపొమ్మనియు చెప్పలేదు. మన ఊళ్లలో ఇటువంటి భయము పట్టినవారికి బాణామతియని పేరుపెట్టి మంత్రగాని యొద్దకు ఈడ్చుకొనిపోవుట చూచుచున్నాము. ఆ పనిపిల్ల తోడు అంతకంటె మంచి మందని మా అభిప్రాయము.

ఆమె 1883లోనే వాంటేజిలో బాప్తిస్మము పొందెను. 1889లో బొంబాయిలో విధవలకు శారదా సదనము తెరచెను. 1896లో మధ్య రాష్ట్రములలో కరువు పడినదని వినగానే పాత దినములన్నియు ఆమెకు మరల కన్నులముందు నిలిచెను. పాత గాయము అట్టిదే. ఇరువది ఏండ్లయినను ఒక్క వార్తచేత రేగును. అయినను ఆమె బయలుదేరెను. దిక్కులేని ఆడపిల్లలను వందలకొలది పూనా దగ్గర కేడ్గాంలోని తన పొలమునకు తెచ్చెను. ఆ 1897 సంవత్సరమునందే తన కరువు అనుభవములను వ్రాసి అచ్చువేయించెను. రాయచూరు గుమ్మమున రాని మాట అప్పుడు వచ్చెను.

ఆ పిల్లలలో ఎముకల గూళ్లవలె ఉన్నవారును, దుర్మార్గుల చేతులలో చెడగొట్టబడినవారును ఉండిరి. కొందరు తేబడియు బ్రతుకలేదు. రమాబాయి మొదట వారికి అన్నము, బట్ట, పడక ఇచ్చెను. శారదా సదనములో పెరిగిన విధవలు, అనగా తామును దెబ్బతిన్నవారే, వారికి ఉపాధ్యాయినులుగాను తల్లులుగాను ఉండిరి. తరువాత చదువు, నేత, కుట్టుపని, తోటపని, అచ్చుపని నేర్పిరి. గ్రుడ్డివారికి వేరుగా బడి ఉండెను. 1900లో గుజరాతు కరువు పిల్లలును వచ్చి చేరగా ఆ ముక్తి సదనములో సుమారు రెండు వేలమంది ఉండిరి. అక్కడ ప్రార్థన ఎడతెగక జరిగెను, కాని గంజికి బదులుగా ప్రార్థన పెట్టలేదు.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవుడు చేసిన క్రమమును చూడుడి (1 రాజులు 19). మొదట రొట్టెయు నీళ్లును, తరువాత నిద్ర, మరల రొట్టె. హోరేబులో అతని దుఃఖమును రెండుసార్లు చెప్పనిచ్చెను. అటుపిమ్మట పని అప్పగించి, ఎలీషాను తోడిచ్చెను. నేటి వైద్యులును ఇంచుమించు ఇదే చెప్పుచున్నారు: దెబ్బతిన్నవానికి ముందు భద్రత కావలెను, జరిగినది చెప్పుమని బలవంతపెట్టరాదు, అతడు సిద్ధమైనప్పుడు, తర్ఫీదు పొందినవారి యెదుట, కొంచెము కొంచెముగా చెప్పనియ్యవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతి సరిపడును. నెలలు గడచినను నిద్రరాక, ఉలికిపాటు పోక బాధపడువారిని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపుడి. 2022లో ప్రభుత్వము పెట్టిన టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేసినయెడల ఉచితముగా తెలుగులోనే మాటలాడుదురు. దీనికి సిగ్గుపడనక్కరలేదు.

మనోరమ పెరిగి తల్లికి కుడిభుజమాయెను. నిజాము రాజ్యములోని గుల్బర్గాలో బడి కూడ స్థాపించెను. 1921లో ఆమెయు తల్లికంటె ముందు పోయెను. రమాబాయి అప్పుడు మూల భాషలనుండి మరాఠీలోనికి బైబిలు తర్జుమా ముగించుచుండెను. ఆ పని విడువలేదు. 1922 ఏప్రిల్ 5న కేడ్గాంలో నిద్రించెను. ఆ బైబిలు 1924లో అచ్చు పూర్తియై వెలువడెను.